అక్క అడిగిన ఒక్క వాక్యం

సన్మాన పత్రాలు రాయడంలో నన్ను మించినవాడు జనగామలో లేడు. జనగామ దాకా ఎందుకు, ఇటు మహబూబాబాద్, అటు భూపాలపల్లి, మధ్యలో వచ్చే వాగులూ రైల్వే గేట్లూ అన్నీ కలుపుకున్నా లేడు. ఇది గొప్పలు చెప్పుకోవడం అనుకునేరు, తప్పు ఒప్పుకోవడం. ఇరవై ఏళ్లలో నేను రాసిన పత్రాలను వరసగా పరిస్తే జనగామ చౌరస్తా నుంచి జఫర్‌గఢ్ దాకా చెప్పుల్లేకుండా నడిచిపోవచ్చు, కాలికి ఒక్క రాయి తగలదు. పంతుళ్లు, పోస్టుమాస్టర్లు, లైన్‌మన్లు, అందరూ నా చేతిలో మహానుభావులైపోయి ఇంటికి చేరారు.

పద్ధతి తెలియనివారికి చెబుతాను. ఉద్యోగం నుంచి దిగిపోయే రోజు మనిషికి శాలువా కప్పుతారు, దండ వేస్తారు. ఆ తర్వాత అద్దాల ఫ్రేములో బిగించిన ఒక పత్రం చదివి చేతికిస్తారు. అందులో ప్రతి పేరా ఒక పిలుపుతో మొదలవాలి. ఓ సేవామూర్తీ, ఓ నిగర్వీ, ఓ కర్తవ్యదీక్షాపరాయణా. పిలుపు కింద నాలుగు వాక్యాలు. ఆ నాలుగింటిలోనూ మనిషి ఉండడు. ఉండకూడదు కూడా, ఉంటే ఆ పేరా రేపు ఇంకొకరికి పనికిరాదు. నా దగ్గర ఒక మూస ఉండేది, పేరూ ఊరూ మారిస్తే చాలు. ఒకసారి ఒకే వారంలో పశువుల దవాఖాన కాంపౌండరుదీ ఒక హెడ్మాస్టరుదీ పడ్డాయి. తొందరలో పేరాలు అటూ ఇటూ అయ్యాయి. ఆ హెడ్మాస్టరును మూడు వందల మంది ఎదుట “మూగజీవాల పాలిటి పెన్నిధీ” అని పిలిచారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పత్రాన్ని ఎవరూ వినరన్న రహస్యం ఆనాడే నాకు తెలిసిపోయింది, అప్పటి నుంచి నా చేతికి సిగ్గు పోయింది.

అలాంటి నాకు పోయినేడు ఒక పత్రం దగ్గర కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. బయ్యారంలో ఉక్కు ఫ్యాక్టరీ ఎప్పుడొస్తుందని జనం ఇన్నేళ్లుగా అడుగుతున్నారు కదా, ఆ వారం ఖనిజం తెచ్చి నా నెత్తిన పెడితే సాయంత్రానికి పట్టాలు పోసి ఇచ్చేవాణ్ణి. ఆ కోపం ఇంకా చల్లారలేదు. చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

రిటైరయ్యేది మా అక్క. సొంత అక్క కాదు, పెద్దనాన్న బిడ్డ. నాకన్నా ఆరేళ్లు పెద్ద. పెద్దవంగర దగ్గర ఇచ్చారు. ఊళ్లలో తిరిగి సూదులేసే, కాన్పులు చూసే నర్సమ్మ. ఉద్యోగం మహబూబాబాద్ వైపు మొదలుపెట్టింది, భూపాలపల్లి వైపు అడవి పల్లెల్లో తొమ్మిదేళ్లు చేసింది, చివరికి మా జనగామ వైపు తేలింది. చేరినప్పుడు ఇదంతా ఒకటే జిల్లా. ఆమె దిగిపోయేనాటికి జిల్లా ముక్కలై ఆమె అడుగులు మూడు జిల్లాల్లో పడ్డాయి. ముప్పై నాలుగేళ్లలో ఆమె నడిచిన దూరం లెక్కేస్తే చంద్రమండలంలో సబ్ సెంటరు తెరిచి తిరిగి రావచ్చు. ఆమె అక్కడ కూడా ముందు దోమల మందే అడిగేది.

తోటి ఉద్యోగులు సన్మాన కమిటీ వేశారు. కమిటీకి ఒక అధ్యక్షుడు, ఆయన ఆమెతోపాటు పనిచేసే సూపర్‌వైజరు. పత్రం నాకే అప్పగించాడు. నేను మూస తీసి, దుమ్ము దులిపి, పేరు మార్చబోతుండగా అక్క స్వయంగా మా ఇంటికొచ్చింది. ఇది ఆచారానికి విరుద్ధం. సన్మానం అందుకునేవాళ్లు తమ పత్రం గురించి ఏమీ తెలియనట్టే ఉండాలి, వేదిక మీద విని ఆశ్చర్యపోవాలి. మా దగ్గర మంత్రులు కూడా ఈ ఆశ్చర్యాన్ని అద్దం ముందు సాధన చేసి వస్తారు.

అక్కకు అలాంటి నటన రాదు. చాప మీద కూర్చుని, నీళ్లు తాగి, సూటిగా అంది.

“తమ్మీ, గా ఓ మూర్తీ ఓ కీర్తీ అంత నీ ఇష్టం. నేనేం అడుగ. గని ఒక్క ముచ్చట రాయాలె.”

“చెప్పక్కా.”

“గా రోజు నేను ఆడనే ఉన్ననని రాయాలె.”

ఏ రోజో నాకు తెలుసు. మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరమూ ఎత్తం. ఇరవై ఏళ్ల కిందట భూపాలపల్లి వైపు ఒక పల్లెలో ఒక గర్భిణికి నొప్పులొచ్చాయి. పొద్దున్నే అక్క అక్కడికి చేరింది. కాన్పయింది, ఆడపిల్ల బతికింది, తల్లికి రక్తం ఆగలేదు. పెద్ద దవాఖానకు తీసుకుపోవాలంటే జీపు కావాలి. అక్క కిరాణం దుకాణం ఫోను నుంచి రెండుసార్లు డాక్టరుకు కబురు చేసింది, మూడోసారి ఒకతన్ని సైకిలు మీద పంపింది. జీపు డాక్టరుగారి బంధువుల పెళ్లికి పోయింది. మంచం మీద మోసుకుని బయల్దేరితే వాగు దాటకముందే ఆ తల్లి ప్రాణం పోయింది. వాగులో నడుము లోతు నీళ్లల్లో మంచానికి ఒక కోడు పట్టుకుని ఉన్నది మా అక్క.

విచారణ జరిగింది. కాగితం మీద ఇలా తేలింది: నర్సు స్థానికంగా నివాసముండుట లేదు, ఘటన సమయమున విధులలో లేదు. అక్కకు మెమో ఇచ్చారు, బదిలీ చేశారు. డాక్టరుకు కొంతకాలానికి ప్రమోషనిచ్చారు. ఆ కాగితం తయారుచేసినవాడు కూడా నాలాంటి చేయి తిరిగిన రచయితే అయి ఉంటాడు. ఎక్కడా ఒక్క అక్షరం వణకలేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు అక్కకు ఎదురైన మాట ఒకటే. సంతలో, బస్సులో, పెళ్లిలో, చావులో ఎవరో ఒకరు చెవి కొరికేవారు: గామె లేకనేనట గా పిల్ల సచ్చిపోయింది. అక్క వాదించడం ఎప్పుడో మానేసింది. కానీ మరవలేదు.

“సర్కారు కాయితంల లేనని రాసిన్రు. ఉన్ననని ఒక్క కాయితమన్న ఉండాలె గద. నలుగురి ముంగట సదవాలె. గంతే.”

అలా అని, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. నేను మూసను మడిచి అటక మీదికి విసిరాను. నిజం చెప్పాలంటే అటక లేదు, బీరువా మీదికి విసిరాను. కానీ విసిరిన ఊపు అటకకు సరిపోయేది.

ఆ పత్రం రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఇరవై ఏళ్లలో ఏ పత్రానికీ పదకొండు నిమిషాలు దాటలేదు. ముందు అక్క చెప్పిందంతా రాసుకున్నాను, ఆమెతో పనిచేసిన ఆయాలకు ఫోన్లు చేశాను, ఏది ముందు చెప్పాలి, ఏది వెనక చెప్పాలని తలకిందులయ్యాను. పన్నెండు పేజీలైంది. పన్నెండును నాలుగు చేశాను, నాలుగును ఒకటి చేశాను. విశేషణాలు కొడుతూ పోతే చెత్తబుట్ట నిండి, మా ఆవిడ మున్సిపాలిటీ బండిని రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. భూపాలపల్లి తొమ్మిదేళ్లు చెప్పే మూడో పేరాలో మాత్రం పిలుపూ లేదు, అలంకారమూ లేదు. ఇంత రాశాను: “ఆ రోజు పొద్దున నుంచి ఆ తల్లి ప్రాణం పోయేదాకా ఈమె ఆమె పక్కనే ఉంది. బండి కోసం మూడుసార్లు కబురు పంపింది. బండి రాలేదు.” రాసి, చదువుకుని, జీవితంలో మొదటిసారి నా అక్షరాలంటే నాకు కొంచెం భయం వేసింది.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటే. చిత్తుప్రతిని కమిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అదీ ఆచారమే. గ్రూపులో నలభై ముగ్గురున్నారు. కురుక్షేత్రంలో కూడా ఇన్ని వైపుల నుంచి బాణాలు రాలేదు. ఒకాయన ప్రజాప్రతినిధి పేరు లేదన్నాడు. ఇంకొకాయన పేర్ల వరసలో తనకన్నా జూనియరు పైన ఉన్నాడన్నాడు. ఒకామె పూలగుత్తి బొమ్మ పంపింది. ఒకాయన శుభోదయం అన్నాడు, అది మధ్యాహ్నం మూడింటికి. మూడో పేరా గురించి ఒక్కరూ నోరెత్తలేదు. ఎత్తనందుకు నేను సంబరపడ్డాను. ఎత్తవలసిన ఒక్క నోరు నేరుగా ఫోన్ చేసింది.

“అన్నా, పత్రం మస్తుగున్నది. గని గా మూడో పేరా జర సూడు,” అన్నాడు అధ్యక్షుడు.

“ఏమైంది?”

“గప్పుడు ఆడ డాక్టరుగ ఉన్నాయన ఇప్పుడు పెద్ద సారు. మనకు ముఖ్య అతిథి ఆయనే. ఆయన ముంగట గది సదివితే ఎట్లుంటది?”

“అక్క ముంగట సదవకపోతే ఎట్లుంటది?”

ఆయన చిన్నపిల్లాడికి ఎక్కం చెప్పినట్టు ఎంతో ఓపికగా అన్నాడు.

“అక్క రిటైరైపోతది అన్నా. సారు ఉంటడు గద.”

ఈ మాటను మా పాత జిల్లాలోని ప్రతి ఆఫీసు గోడ మీదా పెద్దక్షరాలతో రాయించాలి. ఇంత కాలం ఇంత మందికి ఇంత అన్యాయం ఎందుకు జరిగిందని పరిశోధనలు చేసేవాళ్లు ఊరికే పుస్తకాలు తిరగేస్తున్నారు, నాలుగు ముక్కల్లో తేలిపోయే సంగతి.

నేను ఫోనులో అరిచాను అని రాసుకోవాలని ఉంది. అరవలేదు. ఆ అధ్యక్షుడు పాపం దుర్మార్గుడు కాదు, ఇంకా ఆరేళ్ల సర్వీసు ఉన్నవాడు. పేరా మొత్తం తీసేయమనలేదు, కొంచెం మెత్తగా మార్చమన్నాడు. మార్చమన్న మరుక్షణం, నేను ఆలోచించకముందే, నా నోటి నుంచి వాక్యం ఊడిపడింది: “ఎన్నో ఒడిదొడుకులను చిరునవ్వుతో ఎదుర్కొన్న ఓ ధీరవనితా.” ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఇరవై ఏళ్లుగా తిప్పుతున్న చక్రం, ఆపినా తిరుగుతూనే ఉంటుంది. ఆయన వాహ్ అన్నాడు. నేను సరే అన్నాను. పదకొండు రోజుల పని పదకొండు క్షణాల్లో పోయింది, పోగొట్టింది నేనే. ఫోను పెట్టేశాక నా మీద నాకు వచ్చిన కోపానికి ఇంట్లో ఫ్యాను దానంతటదే ఆగిపోయింది. కరెంటు పోయిందని మా ఆవిడ అన్నది గానీ నేను నమ్మను.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. ఫ్రేము కట్టే దుకాణంలో ఆఖరి ప్రతి చూడటానికి పోయాను. దుకాణాయన కంప్యూటరు ముందు తల పట్టుకుని ఉన్నాడు. కమిటీ సభ్యులు, గౌరవ సభ్యులు, సలహాదారులు, ఆహ్వానితులు, అందరి పేర్లూ వేయాలట. మా అక్క పేరు చీమంత, వాళ్ల పేర్లు ఏనుగంత. ఇంకా పద్నాలుగు పేర్లు మిగిలే ఉన్నాయి. ఒక పేరా తీస్తే తప్ప పట్టవని అతనన్నాడు. నేను అధ్యక్షుడికి ఫోన్ చేస్తే, ఆయన క్షణం ఆలోచించకుండా మూడోది తీసేయమన్నాడు. ధీరవనిత కూడా పోయింది. భూపాలపల్లి వైపు తొమ్మిదేళ్లూ పోయాయి. పత్రంలో మా అక్క మహబూబాబాద్‌లో నిద్రపోయి జనగామలో లేచింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. అద్దం బిగిస్తుంటే చూస్తూనే ఉన్నాను.

సన్మానం జనగామలో ఒక ఫంక్షన్ హాల్లో, పగలు పదకొండింటికి. వేదిక మధ్యలో సింహాసనమంత కుర్చీ, దాని మీద తెల్లటి తువ్వాల, అది పెద్ద సారుది. పన్నెండయ్యింది. అధ్యక్షుడు ఫోను చెవికి ఆనించుకుని బయటికి పోయి, మొహం తెల్లబడి వచ్చాడు. సారు మీటింగులో ఉన్నారట, రావడం కుదరదట, శుభాకాంక్షలు చెప్పమన్నారట.

వినండి. ఎవరి మొహం చూసి ఆ పేరా తీసేశామో ఆ మొహమే రాలేదు. ఒక మనిషి ఇరవై ఏళ్ల గోడును ఖాళీ కుర్చీ మీది తువ్వాలకు నైవేద్యం పెట్టాం. ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం గురించి వర్ణిస్తే మీరు ఈసారి అతిశయోక్తి అంటారు, అందుకని వర్ణించను.

అప్పుడు చూశాను, ఆఖరి వరసలో ఒక ముసలవ్వను. చేతిలో సంచి, పక్కన ఎవరూ లేరు. అక్క ఆమెకు మంచినీళ్లు ఇచ్చి వచ్చి, నా పక్కన నిలబడి మెల్లగా చెప్పింది.

“గా సచ్చిపోయిన పిల్ల అత్త. పొద్దుగాలనే బయలెల్లి రెండు బస్సులు మారి వచ్చింది. ఇయ్యాల సదువుతరని నేనే చెప్పిన.”

నేను నోరు తెరిచేలోగా నన్ను వేదిక మీదికి పిలిచారు.

ఫ్రేము చేతిలోకి తీసుకుని మొదలుపెట్టాను. ఓ సేవామూర్తీ. హాల్లో జనం హాయిగా మాట్లాడుకుంటున్నారు, పత్రం చదివే సమయం ఉన్నదే అందుకు. బియ్యం ధరలు, కోతుల బెడద, ఎవరి బిడ్డకు ఎక్కడ సంబంధం కుదిరిందో, అన్నీ సాగుతున్నాయి. రెండో పేరా అయింది. తర్వాత అద్దంలో ఉన్నది జనగామ పేరా. నేను ఆగాను. ఫ్రేమును కిందికి దించాను. పదకొండు రోజులు అరగదీసిన వాక్యాలు, చూసి చదవాల్సిన పని లేదు.

“ఆ రోజు పొద్దున నుంచి ఆ తల్లి ప్రాణం పోయేదాకా ఈమె ఆమె పక్కనే ఉంది. బండి కోసం మూడుసార్లు కబురు పంపింది. బండి రాలేదు.”

అధ్యక్షుడు వెనక నుంచి నా చొక్కా పట్టుకుని లాగాడు. హాలుకు మాత్రం ఏమీ కాలేదు. కోతుల సంగతి కోతులది, సంబంధాల సంగతి సంబంధాలది. మూగజీవాల పాలిటి పెన్నిధి నాడు ఎంత విన్నారో నేడూ అంతే విన్నారు. నా ధైర్యమంతా మైకులో పడి గాలిలో కలిసిపోయింది.

అప్పుడు ఆఖరి వరసలోని అవ్వ లేచి నిలబడింది.

“మళ్ల సదువు బిడ్డా. నాకు ఇనపడలే.”

ఆ గొంతు పెద్దది కాదు. అయినా పత్రం చదివేటప్పుడు విననివాళ్లు, పత్రాన్ని మళ్లీ చదవమని ఎవరైనా అడిగితే మాత్రం వింటారు, ఎందుకంటే భూమి పుట్టాక అలా అడిగినవాళ్లు లేరు. హాలు మొత్తం తలలు తిప్పింది. వెనకాల వంటవాళ్లు గరిటె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. నేను మళ్లీ చదివాను. ఈసారి మెల్లగా, ఒక్కో మాటా. అవ్వ నిలబడే విని, తల ఊపి, “అవు, ఆడనే ఉండె. మంచం కోడు పట్టుకున్నది గామెనే,” అని కూర్చుంది.

నేను మిగిలింది చదివి, ఫ్రేము అక్కకు ఇచ్చాను. అందరూ అందుకుని ఫొటోకు నవ్వుతారు. అక్క నవ్వలేదు. కళ్లద్దాలు పెట్టుకుని పై నుంచి కిందికి చదివింది.

“ఇందుల ఉన్నదా తమ్మీ?”

“లేదక్కా.”

ఆమె ఫ్రేమును తిప్పి వెనక అట్ట వైపు నాకు చూపించి, బ్యాగులోంచి పెన్ను తీసి ఇచ్చింది. ఎనుక రాయి అంది. వేదిక మీద, బల్ల మీద వంగి, మూడు వాక్యాలూ రాశాను. అక్క అది తీసుకుని అధ్యక్షుడి ముందు పెట్టి సంతకం అడిగింది. ఆయన ఖాళీ కుర్చీ వైపు చూశాడు. భోజనాలయ్యాక పెడతానన్నాడు.

“నాకు మెమో ఇచ్చిన నాడు బువ్వ తిని తీసుకుంట అంటె ఆగిన్రా అన్నా?”

ఆమె గొంతు పెంచలేదు. పక్కకూ జరగలేదు. వెనక భోజనాలకు లేచిన జనం ఆగిపోయి చూస్తున్నారు. ఆయన సంతకం పెట్టాడు. తారీఖు వేయలేదు. ఆమె వేయించింది. ముప్పై నాలుగేళ్లు రిజిస్టర్లు నింపిన మనిషి, తారీఖు లేని సంతకానికి విలువ లేదని తెలుసు.

తర్వాత కిందికి దిగి అవ్వ దగ్గరికి పోయింది. అవ్వకు చదువు రాదు. అక్క పెన్నుతో ఆమె బొటనవేలిని నీలంగా రుద్ది, అట్ట మీద అదిమి, పక్కన సాక్షి అని రాసింది. అవ్వ ఆ వేలిని కొంగుకు తుడుచుకోలేదు, అలాగే పట్టుకుని కూర్చుంది.

ఆఖరికి ఫ్రేము నా దగ్గరికి తెచ్చింది.

“నువ్వు గూడ పెట్టు.”

పెట్టాను. తారీఖు కూడా అడగకుండానే వేశాను. పేరు పక్కన ఏమని రాయాలో తెలియక పెన్ను పట్టుకుని ఆగాను. రాసినవాడు అని రాయనా అని అడిగాను.

“తీసేసింది ఎవలు?”

ఆమెకు ఎవరు చెప్పారో నేను అడగలేదు. చెప్పేవాళ్లకు కొదవా, గ్రూపులో నలభై ముగ్గురున్నారు.

“నేనే అక్కా.”

“మరి రెండు రాయి.”

రెండూ రాశాను. రాసినవాడు, తీసేసినవాడు. ఆమె ఒకసారి చదువుకుని, సిరా ఆరేదాకా నోటితో ఊది, ఫ్రేమును చంకలో పెట్టుకుని అవ్వను భోజనానికి లేపింది.